దేశాలకు రోగం చెప్పే రామసుబ్బమ్మ

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దారిలో, లోడు కోసం వచ్చిన లారీలు బారులు తీరి నిలబడే చోట, రేకుల కింద ఒక టీ బంకు ఉంది. బోర్డు లేదు. అందరూ రామసుబ్బక్క బంకు అంటారు. అక్కడ టీ తాగాలంటే రెండు షరతులు. గ్లాసు మీద దుమ్ము పడిందని సణగకూడదు. దుమ్ము పడని గ్లాసు ఆ దారిలో ఎక్కడా దొరకదు. టీవీలో వార్తలు వస్తున్నప్పుడు రామసుబ్బమ్మ మాటకు అడ్డు రాకూడదు; వస్తే టీలో చక్కెర తగ్గుతుంది.

రామసుబ్బమ్మకు యాభై దాటాయి. మనిషి సన్నం, గొంతు లావు. కడపలో ఒక ఆసుపత్రిలో, మనసు జబ్బుల వార్డులో చాలా ఏళ్లు ఆయాగా చేసింది. ఆ కొలువు ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. తమ్ముడు ఓబుళేశు ఇరవై ఏళ్ల వయసులో బండల మిల్లు పనికి పోయేవాడు. రాయి కోసే రంపం తనను పేరు పెట్టి పిలుస్తోందని చెప్పడం అక్కడే మొదలైంది. ఊళ్లోవాళ్లు తాయెత్తు కట్టించారు, వేపమండలతో బాదించారు, చివరికి గుంజకు కట్టేశారు. ఆమె వెళ్లి కట్లు విప్పి తమ్ముణ్ణి కడప బస్సెక్కించింది. తమ్ముడు కావాలో తాను కావాలో తేల్చుకోమన్నాడు మొగుడు. ఆమె తేల్చుకుంది. ఆ మొగుడు ఇప్పుడు ప్రొద్దుటూరులో ఇంకో సంసారంతో క్షేమంగా ఉన్నాడు, ఈమె కూడా క్షేమమే. తమ్ముడి మంచం దగ్గర ఉండి ఉండి పక్క మంచాలవాళ్లకు కూడా గంజి తాగిస్తూ, పెనుగులాడేవాళ్లను మంచి మాటలతో కూర్చోబెడుతూ ఉంటే, వార్డువాళ్లే పిలిచి పనిలో పెట్టుకున్నారు. కాంట్రాక్టు చేతులు మారినప్పుడు వాళ్లే పిలిచి వద్దన్నారు. అప్పుడు వచ్చి ఈ బంకు పెట్టుకుంది.

ఓబుళేశు బాగుపడ్డాడు. బాగుపడ్డాడంటే రోగం పోయిందని కాదు. రాత్రి మాత్ర మింగితే ఆ రంపం నోరు మూసుకుని ఉంటుంది, అంతే. లోడైన లారీల మీద టార్పాలిన్ పట్ట కట్టడం అతని పని. అతను బిగించిన తాడు బళ్లారి దాకా పోయినా సడలదని డ్రైవర్లు చెప్పుకుంటారు. ఆ డ్రైవర్లే అతన్ని పిచ్చోబులేసు అని పిలుస్తారు. ఇరవై ఏళ్లుగా ఎవరి మీదా చెయ్యి ఎత్తనివాడు, పని ఎగ్గొట్టనివాడు, అయినా ఆ పేరు మాత్రం పోలేదు. అది విన్నప్పుడల్లా రామసుబ్బమ్మకు ఒళ్లు మండేది.

ఆ మంటలోంచే ఆ ఆట పుట్టింది. వార్డులో డాక్టరు సారు కొత్తగా వచ్చినవాళ్లను ముందు మూడు సంగతులు అడిగేవాడు. నిద్ర పడుతోందా? ఎవరైనా నీ మీద పగబట్టారని అనిపిస్తోందా? నీకు తప్ప ఇంకెవరికీ వినపడని మాటలు వినపడుతున్నాయా? ఒకరోజు టీవీలో ఏదో దేశం ఇంకో దేశం మీద బాంబులు వేస్తుంటే, బంకులో జనం నోళ్లు తెరుచుకుని, సినిమా చూస్తున్నట్టు చూస్తుంటే, రామసుబ్బమ్మ గరిట చేతిలో పట్టుకుని ఆ మూడు ప్రశ్నలూ టీవీని అడిగింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇక వదిలిపెట్టలేదు.

"అక్కా, అమెరికాకు ఏం రోగం?" అని మొదలుపెట్టేవాడు పెద్ద ఈరన్న. ఆయన రామసుబ్బమ్మ వాళ్ల ఊరు కొట్టాలపల్లెలో పెద్దమనిషి. నాలుగు లారీలు, బత్తాయిలు కాసే చీనీ తోట, తెల్ల చొక్కా, ఊరికంతా వినిపించే నవ్వు.

"అది ఎగపొంగుడు రోగమప్పా," అనేది ఆమె. "నిద్రుండదు. పొద్దున లేస్తానే నీ సరుకు మీద సుంకం ఏస్తా అంటాది, మాపిటికి ఎత్తేస్తా అంటాది. మా వార్డులో ఒగాయప్ప ఉండె. కట్టుకున్న పంచె తీసి పక్కనోనికి దానం చేసేటోడు, మల్లా ఒగ గడియకు వాడే దొంగిలించినాడని కొట్టబోయేటోడు. అచ్చం ఇదే."

"మరి రష్యాకు?"

"అనుమానం. ఇల్లు సూస్తే ఈ వాకిట్లో నించి ఆ పెరట్లోకి పోవాలంటే రైల్లో వారం పడ్తాదంట. అంతుండి కూడా, పక్కింటోని గోడ నా మీద పడ్తాదేమో అని వాని గోడే పగలగొడ్తాది."

ఇంగ్లండుది మరుపు అనేది. ఊరూరా తిరిగి ఎత్తుకుపోయిన సొమ్ము ఒకటీ గుర్తుండదు, రైలు వేసి ఇచ్చింది మాత్రం రోజూ గుర్తొస్తుంది. ఉత్తర కొరియా లోపల గొళ్లెం పెట్టుకుని, ఎవరూ తలుపు తట్టకపోయినా కిటికీలోంచి రాళ్లు వేసే రోగి. ఇండియా, పాకిస్తాన్ల సంగతి అడిగితే మాత్రం నవ్వేది. "దానికి వార్డు ఎందుకప్పా? అన్నదమ్ముల పంపకాల రోగం. కడప జిల్లాలో అది లేని ఇల్లు సూపీ." ఐక్యరాజ్యసమితి డాక్టరా అని అడిగాడు ఒకసారి హబీబ్. అతనూ కొట్టాలపల్లెవాడే, లారీ డ్రైవరు. "డాక్టరా? ఓపీ కిటికీ కాడ చీటీ రాసే అమ్మి. పేరు, వయసు, ఊరు రాసుకోని, పోయి బెంచీ మీద కూసో అంటాది. ఆడికి దాని పని అయిపాయ" అంది. బాంబులు అమ్మే దేశాలకు ఆమె ఏ రోగమూ చెప్పేది కాదు. అవి రోగులు కావనీ, వార్డు గేటు దగ్గర నిలబడి లోపలివాళ్లకు కత్తులు అమ్ముకునే శనిగాళ్లనీ తిట్టేది. అప్పుడు ఆమె గొంతులో హాస్యం ఉండేది కాదు.

"మరి ఒట్టి మన దేశానికే చెప్పక్కా, దాని రోగమేంది?" అన్నాడు ఈరన్న ఒకనాడు.

"మన దేశం శానా తెలివైంది. ఆస్పత్రికి పోతాది, వరసలో నిలబడ్తాది, మందులు రాయించుకుంటాది. ఇంటికొచ్చి ఆ చీటీ మడిసి దేవుని పటం ఎనక పెడ్తాది. మింగదు."

ఈరన్న కళ్లల్లో నీళ్లొచ్చేటట్టు నవ్వాడు. బంకు బంకంతా నవ్వింది. నవ్వనిది ఒక్క ఓబుళేశే. తాడు చుట్ట భుజాన వేసుకుని, స్తంభానికి ఆనుకుని టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టి మెల్లగా అన్నాడు.

"అక్కా, వాళ్లకు రోగమని చెప్పాకు. అది పొగరు. రోగమంటే నాది."

ఓబుళేశు తాడు చుట్టను ఒక భుజం మీద నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"రోగముండేటోనికి భయమేస్తాది అక్కా. పొద్దు మునిగితే భయమే, మనుషుల్ని సూస్తే భయమే. ఆ దేశాలకు భయం యాడుండాది? ఊర్లు కాల్చి, కోట్లేసుకోని ఫోటోలు దిగుతాండారు. నా మాదిరి రోగమొచ్చినోళ్లు యారన్నా ఊరు కాల్చిండారా?"

అతను అంత మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు. రామసుబ్బమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. తమ్ముణ్ణి పిచ్చోడన్నందుకు పుట్టిన కోపంతో తాను దేశాలను తిడుతోంది. తిట్టడానికి తీసుకున్నది మాత్రం తమ్ముడి రోగాన్నే. ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఆ ఆట ఆడలేదు. అడిగితే "పొగరు" అని ఒక్క మాటతో సరిపెట్టేది. జనానికి అది రుచించలేదు.

ఆ ఏడాది ఆషాఢం ముందు పీర్ల పండగ వచ్చింది. కొట్టాలపల్లెలో పీర్ల పండగంటే అందరిదీ. చావిడి మదార్ సాహెబ్ చూసుకుంటాడు, ఆయన తాత కాలం నుంచీ పీర్లకు సేవ చేసే ముజావరు పని వాళ్ల ఇంటిదే. నిప్పుల గుండానికి కట్టెలు ఒక వీధివాళ్లు తెస్తారు, తప్పెట్లు ఇంకో వీధివాళ్లు కొడతారు, లోహపు పంజాల పీర్లను ఎత్తుకునేది ఎక్కువగా రెడ్ల ఇళ్లలోవాళ్లూ బోయలూ. ఖర్చు కొన్నేళ్లుగా పెద్ద ఈరన్నదే. ఆ ఏడు చిన్న పీరును ఎత్తుకునే మనిషి కాలు విరిగి మంచాన పడ్డాడు. ఈరన్న బంకుకు వచ్చి, ఓబుళేశును చూసి, "ఈసారి చిన్న పీరు నువ్వు ఎత్తుకో అబ్బీ" అన్నాడు.

ఓబుళేశు తాడు చుట్ట కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. నలభై దాటిన మనిషిని ఊరు పిలిచి గౌరవంగా ఒక పని చేయమనడం అదే మొదలు. రామసుబ్బమ్మ ఆ రోజు బంకులో అందరికీ ఉత్తి పుణ్యానికి టీ పోసింది. పండగ పది రోజులూ పీరు ఎత్తుకునేవాళ్లు చావిడిలోనే పడుకోవాలి కాబట్టి, మాత్రలు పొట్లం కట్టి అతని చొక్కా జేబులో పెట్టి, మరిచిపోవద్దని పదిసార్లు చెప్పి పంపింది.

ఇక్కడే మనవాళ్ల తెలివి చూడాలి. పీరు ఎత్తుకునేవాడికి నిష్ఠ ఉంటుంది. చెప్పులు వేయకూడదు, నీచు తినకూడదు, మంచం ఎక్కకూడదు. ఆ వరసలో ఇంగ్లీషు మందు కూడా చేరిస్తే నిష్ఠ ఇంకా గట్టిగా ఉంటుందని ఈరన్నకు తోచింది. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మదార్ సాహెబ్ తాత కాలంలో ఇంగ్లీషు మందే లేదు, ఇక నియమం ఎక్కడిది? ఆ ఈరన్నే పొద్దున పరగడుపున బీపీ మాత్ర, తిన్నాక షుగరు మాత్ర మింగి చావిడికి వచ్చేవాడు. అది మందు. ఓబుళేశుది మాత్రం మైల. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు.

పండగ చివరి రోజు గుండం చుట్టూ ఆడుతున్న తమ్ముడి కళ్లు చూసి రామసుబ్బమ్మ జనాన్ని తోసుకుంటూ దగ్గరికి పోయింది. ఆ కళ్లు ఆమెకు తెలుసు. మనిషి తన వైపే చూస్తున్నాడు గానీ తనను చూడటం లేదు. చావిడి బయట దండెం మీద ఉన్న చొక్కా జేబు వెతికితే పొట్లం విప్పకుండా అట్లాగే ఉంది.

"ఏందిరా ఇది? మింగలేదే?"

"నిష్ఠక్కా," అన్నాడు ఓబుళేశు. అని ఆగి, చెవి ఒగ్గి, ఆమెకు వినపడనిది ఏదో విన్నాడు. మాత్ర నోటి దగ్గర పెడితే మూతి తిప్పుకున్నాడు.

మరునాడు పీర్లను పెన్నకు తీసుకుపోయి కడిగారు. గుండం పూడ్చారు. పూనకం వచ్చినవాళ్లందరికీ దిగిపోయింది, ఎవరి పనికి వాళ్లు పోయారు. ఓబుళేశుకు మాత్రం దిగలేదు. చావిడి అరుగు మీద కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాడు. రైలు అన్నాడు, సున్నం అన్నాడు, రంపం అన్నాడు, గాలి అన్నాడు, వాన అన్నాడు. ఆ సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. జూన్ నెలలో నాలుగు చినుకులు పడటం ఏం వింత? కానీ అన్ని మాటల్లోంచి వాన అన్న ఒక్క మాటను ఏరుకుని, పీరు ఓబుళేశు మీద నిలిచిపోయిందని ఊరు తేల్చేసింది.

ఇక చూడాలి. పిచ్చోబులేసు అన్న నోళ్లే ఓబుళేశు సామీ అన్నాయి. టెంకాయలు, చక్కెర, దండలు వచ్చి పడ్డాయి. ఎవరి గేదె తప్పిపోయిందో, ఎవరి కోర్టు కేసు ఏమవుతుందో అడిగారు. గండికోట చూడటానికి పోతున్న కారువాళ్లు ఆగి ఫోన్లలో వీడియో తీసుకుని, దండం పెట్టుకుని, పక్కన కూర్చుని ఫోటోలు దిగిపోయారు. ఆ వీడియో ఎక్కడెక్కడికి పోయిందో, తెల్లారేసరికి పక్క మండలాల నుంచి ఆటోలు దిగాయి. అతను రాత్రీ పగలూ కన్ను మూయడం లేదని చెప్పుకుని ఆశ్చర్యపోయారు, సంతోషపడ్డారు. మాత్ర మింగి, నిద్రపోయి, లారీల మీద పట్టలు కట్టి బతికినన్నాళ్లూ పిచ్చోడు. మాత్ర మానేసి, నిద్ర కరువై, ఒళ్లు తెలియకుండా ఉంటే దేవుడు. రామసుబ్బమ్మకు ఈ లెక్క ఎక్కడో చూసినట్టే అనిపించింది. రోజూ టీవీలో చూస్తున్నదే ఇది. బుద్ధిగా కాపురం చేసుకునే దేశాన్ని అడిగే దిక్కు లేదు. గంతులు వేసి బాంబులు వేసే దేశం ముందు అందరూ దండలు పట్టుకుని నిలబడతారు. ఈ ఊరిని ఏమనాలో ఆమెకు తెలిసిపోయింది. కాకపోతే ఈసారి నవ్వు రాలేదు.

ఆమె అరుగు దగ్గరికి పోతే ఈరన్న మనుషులు అడ్డం నిలబడ్డారు. "ఆడమనిషివి, అరుగు ఎక్కాకు. పీరు ఉండాది" అన్నారు. ఆమె పంపిన సంగటి అరుగు కిందనే ఉండిపోయింది. ఎవరి చేతి తిండీ సామి నోటికి తగలకూడదట. కుక్కలు తిన్నాయి.

"ఈరన్నా, వానికి నిద్ర లేదు, తిండి లేదు. ఇట్లనే ఉంటే వాడు సచ్చిపోతాడప్పా. నేను ఆస్పత్రికి తోలుకపోతా" అని మొత్తుకుంది.

"పీరును ఆస్పత్రికి తోలుకపోతావా మే? ఊరికి అరిష్టం కాదా?" అన్నాడు ఈరన్న. తర్వాత గొంతు తగ్గించాడు. "తోట ఎండిపోతాండాదక్కా. బోర్లు ఏసి ఏసి నా పానం పోయింది, ఒగదాంట్లో కూడా నీళ్లు పడలే. రేపు నా చేనుకు వచ్చి యాడ ఏయాల్నో సూపిస్తానని చెప్పినాడు. ఒక్క రోజు ఓర్సుకో."

చెప్పాడో లేదో దేవుడికెరుక. కానీ ఈరన్న తోట ఎండుతున్న మాట నిజం. కళ్ల ముందు చీనీ చెట్లు ఆకు ముడుచుకుంటుంటే ఎంతటి మొనగాడికైనా మతి చెడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా క్షమించాలనిపించలేదు. నీ తోట నీకు ఎంతో నా తమ్ముడు నాకు అంతకు వెయ్యి రెట్లు అని అరిచింది. ఎవరూ వినలేదు.

ఆ మధ్యాహ్నమే ఎండలో నడుచుకుంటూ మదార్ సాహెబ్ ఇంటికి పోయింది. ఆయన వసారాలో నెమలి ఈకల కట్ట తుడుచుకుంటూ కూర్చున్నాడు. హబీబ్ ఆయన కొడుకే; ఆ రోజు లోడు లేక ఇంట్లోనే ఉన్నాడు.

"మామా, నా తమ్ముని మీద ఉండేది పీరేనా?"

మదార్ సాహెబ్ తల ఎత్తలేదు. "కాదమ్మా," అన్నాడు.

"తెలిసి కూడా ఎందుకు నోరు మూసుకోని కూసున్నావు?"

"పండగ నడిపేది ఈరన్న. కాదంటే వచ్చే ఏడు చావిట్లో దీపం పెట్టేటోడు ఉండడు." ఆయన ఈకల కట్ట పక్కన పెట్టాడు. "అదొక్కటే కాదు కూతురా. ఇంతమంది మొక్కుతాండేది కాదని ఒక సాయిబు చెప్పినాడనుకో, అది ఇంకో తీరుగా పోతాది. కాలం బాగలేదు."

కాలం బాగలేదన్న మాట అబద్ధం కాదు. రామసుబ్బమ్మకు ఆ ముసలాయన మీద జాలేసింది. జాలికంటే కోపం ఎక్కువ వేసింది.

"నీ దీపానికి భయపడి నువ్వు, తోటకు భయపడి ఆయప్ప. మీ భయాలు అట్లనే ఉండనీ మామా. మధ్యన సచ్చేది నా తమ్ముడు. బండల మిల్లు కాడ వానికి రోగమొచ్చినప్పుడు దయ్యమని కట్టేసినారు. ఆ పొద్దు కట్లు నేను విప్పుకున్నా. దేవుడని కట్టేస్తే ఎట్ల విప్పాల్నో నాకు తెలీదు. నీకు తెల్సు."

లోపలి నుంచి వింటున్న హబీబ్ బయటికి వచ్చి, గోడకు ఉన్న లారీ తాళాలు తీసుకున్నాడు. మదార్ సాహెబ్ కొడుకు వైపు చూశాడు. లేచి, టోపీ సర్దుకుని, చెప్పులు వేసుకున్నాడు.

చావిడి దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. ఓబుళేశు మెడలో దండలు గడ్డం దాకా ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి గానీ మాట పైకి రావడం లేదు. ముజావరు వస్తున్నాడని దారి ఇచ్చారు. ఆయన నేరుగా చావిడి లోపలికి పోయి, చెక్క పెట్టె ముందు కూర్చుని, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తీసి పెట్టె తెరిచాడు. పండగ అయ్యాక ఆ పెట్టె ఏడాది దాకా తెరవకూడదు. జనం మెడలు చాచారు.

"ఈరన్నా, ఇట్ల రా. ఏముండాదో సూసి అందరికీ చెప్పు."

ఈరన్న తొంగి చూశాడు. తెల్లగుడ్డలో చుట్టిన పీర్లు వరసగా పడుకుని ఉన్నాయి.

"పీర్లుండాయి సాయిబూ."

"చిన్న పీరు?"

"ఉండాది."

"నా తాత, నా తండ్రి, నేను, మూడు తరాలు ఈ పెట్టె కాపలా కాసినాం. కడిగి పెట్టెలో పెట్టినాక పీరు బయట తిరగదు. వచ్చే పీరు వస్తాది, దిగే యాళకు దిగిపోతాది. పీరు ఈడుండాది, తాళం నా కాడుండాది. మరి ఆ అరుగు మీద కూసున్నేది యారప్పా?"

మదార్ సాహెబ్ పెట్టె మూసి తాళం వేసి, మూడుసార్లు లాగి చూసుకున్నాడు. రామసుబ్బమ్మ ఊపిరి పీల్చుకుంది. గండం గడిచిందనుకుంది.

గడవలేదు. వెనక నుంచి ఎవరో, "పీరు కాకపోతే దయ్యం!" అన్నారు. అంతే. ఇప్పటిదాకా టెంకాయలు పట్టుకున్న చేతులు ఖాళీ అయ్యాయి. ఒకడు వేపమండ విరుచుకొచ్చాడు. ఇంకొకడు లారీ తాడు తెచ్చాడు, పట్ట కట్టే తాడు. ఎవరో ఓబుళేశు మెడలోంచి దండలు లాగి పారేశారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారే, ఆ జాతి ఒకే రోజు రెండూ పట్టుకోవడం రామసుబ్బమ్మ అప్పుడే చూసింది.

ఆమె అరుగు ఎక్కింది. ఆడమనిషి ఎక్కకూడని అరుగు ఎక్కి, తమ్ముడి ముందు నిలబడి, తాడు తెచ్చినవాడి చేతిలోంచి తాడు గుంజి జనం మీదికి విసిరింది.

"దేవుడన్నా కావాల, లేకుంటే దయ్యమన్నా కావాల! మధ్యలో మనిషనేటోడు ఉండకూడదారా మీకు? జరమొచ్చినోడు, నొప్పొచ్చినోడు, అక్క ఉండేటోడు, అన్నం తినేటోడు ఉండకూడదా? దేశాలకు రోగం చెప్తే పగలబడి నవ్వితిరి. మీకు నేను యాడ చెప్పాలరా! యార్నన్నా ఒక్క అడుగు ముందరికి రమ్మను, తాటతీసి గుంజకు నేను కడ్తా!"

ఒక్కరూ రాలేదు. ఆమెకు భయపడ్డారో, ఆ తిట్లలో నిజం ఉందనుకున్నారో, ముజావరు పక్కనే నిలబడ్డాడని ఆగారో చెప్పలేం. హబీబ్ లారీని చావిడి ముందుకు తెచ్చి ఆపాడు. మదార్ సాహెబ్ ఒక రెక్క, ఆమె ఒక రెక్క పట్టుకుని ఓబుళేశును దించారు. అతను పెనుగులాడలేదు. కాళ్లు తడబడుతున్నాయి. క్యాబిన్‌లో కూర్చోబెట్టి, పక్కన ఆమె ఎక్కింది.

ఇంజను మోగింది. అప్పుడు పెద్ద ఈరన్న పరుగున వచ్చి క్యాబిన్ తలుపు పట్టుకున్నాడు. తెల్ల చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. పీరు కాదని తన కళ్లతో పెట్టెలో చూసినవాడు, తన నోటితో అందరికీ చెప్పినవాడు.

"ఓబుళేశూ, ఒక్క మాట చెప్పి పో నాయనా. నీళ్లు యాడుండాయి? నా చేన్లో యాడ ఏస్తే నీళ్లు పడ్తాయి?"

రామసుబ్బమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. ఆమె కంటే ముందే ఓబుళేశు తల తిప్పాడు. చాలా దూరం నుంచి వచ్చినవాడిలా ఈరన్న ముఖం వంక చూశాడు. పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. మాట విడిగా, మెల్లగా వచ్చింది.

"నీళ్లా? నాకూ కావాలన్నా. మూడు దినాలాయ. దప్పికయితాంది."

ఈరన్న చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. చావిడి ముందు వందలమంది నిలబడి ఉన్నారు, అరుగు మీద టెంకాయలు గుట్టగా ఉన్నాయి, ఎవరి చేతిలోనూ చెంబు లేదు. ఆ పండగ దప్పికతో ప్రాణాలు విడిచిన పెద్దల పేరు మీద చేసేదని మదార్ సాహెబ్ వాళ్లకు ఏటా చెబుతూనే ఉన్నాడు. హబీబ్ సీటు కింద నుంచి తన నీళ్ల బాటిల్ తీసి ఇచ్చాడు. రామసుబ్బమ్మ తమ్ముడి తల ఒళ్లో ఆనించుకుని, మూతతో కొంచెం కొంచెంగా పోస్తుంటే, అతను కళ్లు మూసుకుని తాగాడు.